పానా ఎవరి చేతిలో ఉన్నది?
బస్తరు సీమలో స్త్రీలు, యంత్రాలు, పనితనం – ఒక క్షేత్రాధికారి అనుభవం

ఏటూరునాగారం దాటి గోదావరి వంతెన మీదుగా సాగే జాతీయ రహదారి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ప్రవేశించి భోపాలపట్నం చేరుతుంది. అక్కడి నుండి బీజాపూరు మీదుగా జగదల్‌పూరు వరకు, ఆపైన కొండగావ్, కాంకేరు వరకు విస్తరించిన అరణ్యసీమయే బస్తరు. 1948లో బస్తరు, కాంకేరు సంస్థానాల విలీనంతో ఏర్పడిన ఈ జిల్లా ఒకప్పుడు వైశాల్యంలో కేరళ రాష్ట్రాన్ని మించినది. 1998 నుండి 2012 వరకు దశలవారీగా విభజింపబడి నేడు ఏడు జిల్లాలయినది. దీని దక్షిణపు అంచున తెలుగు కుటుంబాలు, తెలుగును తమ మాటలో కలుపుకొన్న దోర్ల, కోయ గ్రామాలు కలవు.

ఆ ప్రాంతంలోని ఒక గ్రామంలో 12 మంది సభ్యులు గల మహిళా స్వయం సహాయక సంఘానికి హల్లరు, పిండిమర కొనుగోలు నిమిత్తం మా శాఖ ఋణం మంజూరు చేసినది. చుట్టుపక్కల వడ్లు పట్టే మర లేదు. గిరాకీకి లోటు లేదు. మొదటి నాలుగు నెలలు వాయిదాలు తేదీ తప్పకుండా వచ్చినాయి. ఆ తరువాత రెండు వాయిదాలు రాలేదు. విచారణకు వెళ్ళిన నాకు మిల్లు గది తలుపునకు తాళం కనిపించినది.

"మోటారు కాలిపోయింది సారూ. మా మరిది పనికి హైదరాబాదు పోయిండు. ఆయన వస్తేగాని దాన్ని ఏం చెయ్యాల్నో మాకు తెల్వదు" అన్నది సంఘం అధ్యక్షురాలు.

యంత్రం సంఘం పేరున ఉన్నది. అప్పు 12 మంది స్త్రీల పేరున ఉన్నది. యంత్రం నడపడం నేర్చుకొన్నవాడు మాత్రం సంఘంలో సభ్యుడే కాని ఒక యువకుడు. ఇది ఎట్లు జరిగినదని శాఖకు తిరిగివచ్చి ఫైలు తీసి చూచితే, "లబ్ధిదారులకు యంత్ర నిర్వహణలో శిక్షణ ఇవ్వబడినది" అన్న వాక్యం క్రింద ఉన్న సంతకం నాదే.

మిల్లు అమర్చిన దినమున నేను అక్కడే ఉన్నాను. డీలరు పంపిన మెకానిక్ చుట్టూ గ్రామంలోని పురుషులు నలుగురు గుమిగూడి బెల్టు బిగించినారు, స్టార్టరు మీట నొక్కి చూచినారు. స్త్రీలు గుమ్మం వద్ద నిలబడినారు, మధ్యలో మాకు టీ ఇచ్చినారు. ఎవరినీ ఎవరూ వారించలేదు. అంతా సహజంగా జరిగినట్లే తోచినది. తప్పుడు ధ్రువీకరణ వ్రాస్తున్నానని ఆనాడు నాకు స్ఫురించలేదు.

గొంతు మారిన మోటారు

మోటారు కాలిపోవడానికి కారణం చిన్నదే. మూడు ఫేజుల విద్యుత్తులో ఒక ఫేజు పోయినప్పుడు మోటారు మిగిలిన రెండింటి మీదనే బరువు లాగవలసి వస్తుంది. అప్పుడు అధిక విద్యుత్తు గుంజుకొని వేడెక్కుతుంది. అట్టి సమయంలో దానిని ఆపివేయుటకే స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. రిలే మాటిమాటికి పడిపోయి పని ఆగుతున్నదని ఆ యువకుడు దానిని తీగతో కట్టివేసి ఊరు విడిచి వెళ్ళినాడు. వారం తిరగకముందే వైండింగు మాడిపోయినది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొక మాట. సంఘంలోని ఒక వయసు మళ్ళిన సభ్యురాలు, "రెండు దినాల ముందు నుంచే దాని గొంతు మారింది సారూ, లోపల మూలిగినట్టు వినబడింది" అన్నది. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగితే, "మిషను సంగతి మాకెందుకని ఊకున్న" అన్నది. అనుభవం గల మెకానిక్ ఆ మూలుగు వినగానే మీట ఆపివేసి ఉండేవాడు. ఆమె చెవికి ఆ తేడా తెలిసినది. తెలిసినదానిని ఉపయోగించే అధికారం మాత్రం తనకు లేదనుకొన్నది.

ఒక పనిని స్త్రీ నేర్వగలదా లేదా అన్నది కాదు ప్రశ్న. నేర్పే వేళ పనిముట్టు ఎవరి చేతికి అందుతున్నది, పొరపాటు చేసి దిద్దుకొనే అవకాశం ఎవరికి లభిస్తున్నది అన్నదే ప్రశ్న. చేయి తిరగాలంటే ముందు చేయి పెట్టనివ్వాలి. గుమ్మం వద్ద నిలబడి చూచినంత మాత్రాన ఎవరికీ చేయి తిరగదు.

మోటారు రాకతో చేయి మారినది

విచిత్రమేమనగా, ధాన్యం దంచడం బస్తరులో తరతరాలుగా స్త్రీల పనియే. కాలితో త్రొక్కే ఢెంకి ఎంత ఎత్తు లేవాలో, నూక పడకుండా ఎన్ని పోట్లు వేయాలో వారికి తెలుసు. మన ఇండ్లలో రోలు, రోకలి, తిరగలి స్త్రీల చేతిలోనే ఉండేవి. ఆ పనికే మోటారు తగిలించగానే అది పురుషుని పని అయినది. కండబలం అవసరమైన నాళ్ళు స్త్రీ చేసినది, మీట నొక్కితే చాలునన్న నాడు ఆమెకు రాదన్నారు. బలమే కారణమైతే ఇట్లు జరుగవలసినది కాదు.

బస్తరు స్త్రీకి తెలివి తక్కువ అని సంతలో ఒక గడియ నిలబడినవారెవరూ అనలేరు. పైలీ కొలతతో ఇప్పపూవు, చింతపండు, సారపప్పు కొలిచి బేరమాడేది ఆమెయే. మురియా గోండుల యువజన గృహమైన ఘోటుల్‌ను గురించి వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద గ్రంథం ప్రచురించినాడు. అక్కడ బాలురు, బాలికలు కూడ సభ్యులే. అయినా కొయ్య దువ్వెన చెక్కి కానుకగా ఇచ్చేది బాలుడు, దానిని తలలో ధరించేది బాలిక. కలిసి పెరిగిన చోట సైతం ఉలి ఒకరి చేతికే వెళ్ళినది.

కొండగావ్ ప్రాంతపు ఘడ్వా శిల్పుల లోహపు బొమ్మలు లోకప్రసిద్ధములు. మట్టి అచ్చు మీద మైనపు తీగలు చుట్టి, మరల మట్టి మెత్తి, మైనం కరిగిపోయిన చోట కరిగిన లోహాన్ని పోసే విద్య అది. మట్టి సిద్ధపరచుటలో, మైనపు పనిలో ఇంటి స్త్రీలు చేయి కలుపుతారు. కొలిమి వద్ద లోహం పోయడం, శిల్పి అన్న పేరు సాధారణంగా పురుషునివి. మన కుమ్మరి ఇండ్లలో మట్టి త్రొక్కి సిద్ధపరచే స్త్రీ సారె మీద చేయి వేయరాదన్న ఆచారం పలుచోట్ల ఉండినది. పోచంపల్లి చీరకు ఆసు పోయనిదే చిటికి రంగు అద్దలేరు. ఆ ఆసు కోసం స్త్రీలు చేయిని వేలసార్లు అటూ ఇటూ త్రిప్పి భుజాలు అరగదీసుకొన్నారు. అయినా నేతగాడు అంటే పురుషుడే. చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం రూపొందించినారు. 2017లో పద్మశ్రీ పొందినారు. తల్లి చేసేది సహాయం కాదని, కొలత, క్రమం గల సాంకేతికమైన పని అని ఆయన గుర్తించినందుననే ఆ యంత్రం పుట్టినది.

చట్టం వేసిన గడియ

ఆచారమే కాదు, కొన్నిచోట్ల చట్టం కూడ చేతిని ఆపినది. దంతెవాడ జిల్లాలోని బైలదిల్లా ఇనుప గనులలో 1968 నుండి త్రవ్వకం సాగుతున్నది. అక్కడి కిరందుల్, బచేలీలలో తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడినాయి. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షనులో స్త్రీలు భూగర్భంలో పనిచేయరాదని, ఉపరితలంలో ఉదయం 6 గంటల నుండి సాయంత్రం 7 గంటల లోపు మాత్రమే పనిచేయవచ్చునని ఉండినది. వారి రక్షణ కోసమే ఈ నియమం ఏర్పడినది. కాని మూడు షిఫ్టులలో నడిచే భారీ యంత్రం మీద, పగటి వేళ మాత్రమే పనిచేయగల మనిషికి శిక్షణ ఇవ్వడానికి ఎవరు ముందుకు వస్తారు? 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఈ నియమాన్ని సడలించినది. వ్రాతపూర్వక సమ్మతి, తగిన భద్రత అన్న షరతులతో ఉపరితల గనులలో రాత్రి షిఫ్టునకు, భూగర్భంలో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు దారి తెరిచినది. చట్టం వేసిన గడియ తీయడానికి 67 సంవత్సరాలు పట్టినది.

ఇంజనీరింగు చదువులోనూ ఇదే కథ. మదరాసులోని తెలుగు కుటుంబంలో 1919లో జన్మించిన అయ్యలసోమయాజుల లలిత 18 ఏండ్ల వయసులో, నాలుగు నెలల బిడ్డతో వితంతువైనారు. తండ్రి గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన ప్రోత్సాహంతో అదే కళాశాలలో విద్యుత్ ఇంజనీరింగు చదివినారు. ఆమెకు ఇచ్చిన పట్టాలో అచ్చయి ఉన్న పుంలింగ పదాన్ని కొట్టివేసి స్త్రీలింగం చేతితో వ్రాయవలసి వచ్చినది. పట్టాతో పాటు ఆమెను ఇంజనీరుగా తీర్చిదిద్దినది జమాల్‌పూరు రైల్వే కర్మాగారంలో పొందిన ఒక సంవత్సరపు ప్రత్యక్ష శిక్షణ. తరువాత కలకత్తాలో పనిచేస్తూ భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనులలో పాలుపంచుకొన్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సదస్సులో పాల్గొన్నారు. తండ్రి ఆచార్యుడైనందున ఆమెకు తలుపు తెరుచుకొన్నది. అట్టి తండ్రి లేని ఆడపిల్లకు ఆ తలుపు తెరవవలసినది శిక్షణ సంస్థలు, డీలర్లు, బ్యాంకులు.

యంత్రం తీరు, నేర్చేవారి తీరు

చేతిపంపు ఉదాహరణ డీలర్లు ప్రత్యేకంగా గమనింపదగినది. గ్రామాలలో విస్తారంగా కనిపించే ఇండియా మార్క్ 2 పంపులో లోపలి వాషరు మార్చాలంటే ఇనుప గొట్టాలన్నీ పైకి లాగవలసి ఉంటుంది. అందుకు బరువైన పనిముట్లు, నలుగురైదుగురు మనుషులు, ఒక వాహనం అవసరం. 1983–88 నడుమ కోయంబత్తూరు ప్రాంతంలో జరిపిన క్షేత్ర పరీక్షల ఫలితంగా మార్క్ 3 పంపు రూపొందినది. ఇందులో గొట్టాలను కదల్చకుండానే వాటి గుండా పిస్టనును పైకి తీయవచ్చును. పని తేలికైనది, పనిముట్లు తగ్గినాయి. పంపును గ్రామస్థులే బాగుచేసుకొనే వీలు కలిగినది.

అయితే స్త్రీలు మార్క్ 3 వచ్చేవరకు కాచుకొని కూర్చుండలేదు. రాజస్థాన్ దక్షిణ జిల్లాలలో, ఉత్తర ప్రదేశ్‌లోని బాందా జిల్లాలో గ్రామీణ మహిళలు చేతిపంపు మెకానిక్కులుగా శిక్షణ పొందినారు. నీటి కుండ మోసేది వారే కనుక పంపు చెడినప్పుడు బాధ మొదట తెలిసేది వారికే. అవసరం ఎవరిదో నేర్పు వారికే అందితే యంత్రం మూలపడదు. మా మిల్లు విషయంలో మేము మరచినది ఈ సూత్రమే.

బస్తరులో మార్పు లేకపోలేదు. దంతెవాడలో ఇ-రిక్షాలు నడిపే ఆదివాసి మహిళలు 2018 జనవరి 28 నాటి ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ప్రస్తావనకు వచ్చినారు. అదే సంవత్సరం ఏప్రిల్ 14న దేశంలో తొలి వన్‌ధన్ వికాస కేంద్రం బీజాపూరు జిల్లాలోనే ప్రారంభమైనది. చింతపండు శుద్ధి, ఇప్పపూవు నిల్వ, సారపప్పు శుభ్రపరచుట వంటి పనులలో 300 మందికి శిక్షణ ఇవ్వడం దాని లక్ష్యం.

మహిళా సంఘాలకు డ్రోన్లు అందించే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2023 నవంబరులో ఆమోదించినది. 2023–24 నుండి 2025–26 వరకు 1,261 కోట్ల రూపాయల వ్యయంతో 15,000 సంఘాలకు డ్రోన్లు ఉద్దేశింపబడినాయి. ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల సబ్సిడీ, మిగిలిన మొత్తానికి వ్యవసాయ మౌలిక వసతుల నిధి క్రింద ఋణం. సంఘంలోని ఒక మహిళకు 15 రోజుల పైలట్ శిక్షణ. ఇంతవరకు మంచిదే. మరమ్మతు, ఫిట్టింగు పనులు నేర్చే రెండవ వ్యక్తి మాత్రం సంఘ సభ్యురాలైనా కావచ్చును, కుటుంబ సభ్యుడైనా కావచ్చును. ఎగురవేసేది స్త్రీ, పానా పట్టేది ఆమె ఇంటి పురుషుడు అయితే, మా హల్లరు మిల్లు కథ ఆకాశంలో పునరావృతం కాగలదు.

ఋణగ్రహీతలకు, డీలర్లకు

ఈ అనుభవం నుండి నేర్చిన కొన్ని విషయాలను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

సంఘ సభ్యులు గమనింపవలసినవి:

1. యంత్రం దిగిన దినమున కనీసం ఇద్దరు సభ్యులు బెల్టు విప్పి బిగించడం, బేరింగులకు గ్రీజు పెట్టడం, జల్లెడ మార్చడం, స్టార్టరు ఆపడం స్వయంగా చేయాలి. అది జరిగే వరకు శిక్షణ పత్రంపై సంతకం చేయవద్దు, వేలిముద్ర వేయవద్దు.

2. చప్పుడు మారినా, కాలిన వాసన వచ్చినా, మోటారు చేయి పెట్టలేనంత వేడెక్కినా మొదట ఆపివేయండి. ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడవద్దు. రిలే పడిపోతే కారణం తెలుసుకోవాలి గాని దానిని కట్టివేయరాదు.

3. ఒక పుస్తకంలో గ్రీజు పెట్టిన తేదీ, మార్చిన భాగం, అయిన ఖర్చు వ్రాసి ఉంచండి. చదువు రాని సభ్యులు గుర్తులు వేసినా చాలును.

4. ప్రతి జిల్లాకు ఉద్దేశించిన గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో శిక్షణ ఉచితం. కుట్టుపని, బ్యూటీ పార్లరు మాత్రమే ఆడవారికని అనుకొనవద్దు. మోటారు మరమ్మతు, ఇంటి వైరింగు వంటి శిక్షణలు ఏవి ఉన్నాయో అడిగి తెలుసుకోండి. ఛత్తీస్‌గఢ్‌లో 2013 నాటి చట్టం 14 నుండి 45 ఏండ్ల వయసువారికి నైపుణ్య శిక్షణను హక్కుగా ఇచ్చినది.

డీలర్లు గమనింపవలసినవి:

1. కొనుగోలుదారు మహిళా సంఘమైతే శిక్షణ ఆ మహిళలకే ఇవ్వండి. మీ మెకానిక్ తాను చేసి చూపడంతో ఆగక వారి చేత చేయించాలి.

2. వంటపని, నీళ్ళపని ముగిసే వేళ అడిగి ఆ వేళకే మెకానిక్‌ను పంపండి. ఉదయం 8 గంటలకు పంపితే వచ్చేది పురుషులే.

3. బెల్టు గార్డు లేకుండా యంత్రం అమర్చవద్దు. చీర కొంగు, గాజులు యంత్రంలో పడతాయని స్త్రీలను దూరంగా నిలబెట్టడం పరిష్కారం కాదు. మెడలోని కండువాకు కూడ అంతే ప్రమాదం కలదు.

4. రెండవ నెలలో మరొకసారి వెళ్ళండి. మొదటి దినం కలగని సందేహాలు అప్పటికి కలుగుతాయి. సంఘం యంత్రాన్ని సరిగా నడిపితే విడిభాగాల అమ్మకం మీకే, వాయిదాలు బ్యాంకుకు.

మరల ఆ మిల్లు వద్ద

వైండింగు చేయించి మోటారు తిరిగి తెచ్చిన దినమున మెకానిక్‌ను ఒకటే కోరినాను: "చేతులు కట్టుకొని నోటితో మాత్రమే చెప్పండి." ఆయన నవ్వి ఒప్పుకొన్నాడు. కొంతసేపు ఓర్చుకోలేక రెండుసార్లు ముందుకు వచ్చినాడు, రెండుసార్లు వెనుకకు తగ్గినాడు. ఇద్దరు సభ్యురాళ్ళు కొంగులు బిగించి బెల్టు విప్పినారు. మొదటిసారి పుల్లీల వరుస కుదరక బెల్టు జారిపోయినది. రెండవసారి మరీ బిగువైనది. మూడవసారి కుదిరినది. మొత్తం గంటన్నర పట్టినది. మెకానిక్ తానే చేసి ఉంటే పది నిమిషాలు. ఆ గంటన్నరే అసలు శిక్షణ అని నాకు బోధపడినది.

అంతా చక్కబడినదని చెప్పను. ఒక ఇంటివారు తమ కోడలిని మిల్లు పనికి పంపడం మానినారు. తిరిగి వచ్చిన మరిది కొన్నాళ్ళు ముఖం మాడ్చుకొన్నాడు. బకాయిలో ఒక వాయిదా ఇంకా మిగిలి ఉన్నది. అయితే గత వర్షాకాలంలో ఒకనాడు మోటారు మూలిగినది. ఆ వయసు మళ్ళిన సభ్యురాలే వెంటనే మీట ఆపించినదట. ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజు పోయినట్లు తెలిసి లైన్‌మన్‌ను పిలిపించినారు. మరునాటి ఉదయానికి మర యథావిధిగా తిరిగినది. ఆ నెల వాయిదా తేదీ ప్రకారం జమ అయినది.

ఇప్పుడు నేను శిక్షణ పత్రంపై సంతకం చేసే ముందు సంఘ సభ్యురాళ్ళను ఒక ప్రశ్న అడుగుతున్నాను: "ఈ బెల్టు బిగించినది మీలో ఎవరు?" జవాబుగా ఒక స్త్రీ చేయి లేచే వరకు కలం తెరవడం లేదు.